రంగారెడ్డి అంటే ఎవరు?



సాంఘిక శాస్త్రం క్లాసుల తెలంగాణ పటం చూస్తే ఎక్కువ జిల్లాలకు ఊర్ల పేర్లే ఉంటయి. కొన్నింటికి మాత్రం మనుషుల పేర్లు ఉన్నాయి. కుమ్రం భీం గురించి మనందరికీ తెలుసు, ఆయన మన మనిషి. కానీ హైదరాబాదును ఆనుకొని ఉన్న జిల్లాకు 1978లోనే ఒక మనిషి పేరు పెట్టారు. అదే రంగారెడ్డి జిల్లా. పెద్ద పెద్ద కంప్యూటర్ కంపెనీలు ఉండే హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి అన్నీ ఆ జిల్లా కిందికే వస్తాయి. మన ఊర్ల నుంచి అక్కడికి సెక్యూరిటీ పనికి, బిల్డింగ్ పనికి పోయినవాళ్ళు ఉన్నారు. ఆ పేరు గల మనిషి ఎవరో తెలుసుకుందాం.

పుట్టుక, చదువు

ఆయన పూర్తి పేరు కొండా వెంకట రంగారెడ్డి. 1890 డిసెంబర్ 12న పెద్దమంగళారం అనే ఊర్లో పుట్టారు. అది ఇప్పుడు మొయినాబాద్ మండలంలో ఉంది. అప్పుడు హైదరాబాదు రాజ్యాన్ని నిజాం పాలించేవాడు. ఊర్లల్ల జనం మాట్లాడేది తెలుగు. కచేరీలో, కోర్టులో రాసేది ఉర్దూ. మనం ఇంట్లో కోయ మాట్లాడి బడిల తెలుగు రాసినట్టే అన్నమాట. కాగితంలో ఏమి రాసి ఉందో తెలియక రైతులు చాలా నష్టపోయేవారు. రంగారెడ్డి గారు కష్టపడి చదివి హైదరాబాదులో వకీలు అయ్యారు.

ఆంధ్ర మహాసభ

ఆ కాలంలో సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి ఉండాలి. తెలుగు బడులు చాలా తక్కువ. అందుకని తెలంగాణ తెలుగువాళ్ళు కలిసి ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మొదటి సభ 1930లో జోగిపేటలో జరిగింది, దానికి సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షులు. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన అయిదో సభకు రంగారెడ్డి గారు అధ్యక్షులు అయ్యారు. ఈ సభలతో పాటే ఆడవాళ్ళ సభ కూడా వేరుగా జరిగేది. అప్పుడే ఆడవాళ్ళు సభ పెట్టి ఆడపిల్లల చదువు గురించి మాట్లాడారంటే ఎంత ధైర్యమో చూడండి.

మంత్రి పదవి

1948 సెప్టెంబర్‌ల నిజాం పాలన పోయింది. 1952లో మొదటిసారి ఓట్లు జరిగాయి. బూర్గుల రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన మంత్రివర్గంలో రంగారెడ్డి గారు మంత్రి అయ్యారు. అదే మంత్రివర్గంలో మర్రి చెన్నారెడ్డి గారు కూడా మంత్రి. ఆయన రంగారెడ్డి గారికి మేనల్లుడు. మేనమామ, మేనల్లుడు ఒకేసారి మంత్రులుగా ఉండిరి.

సంతకం పెట్టిన కాగితం

ఆయన జీవితంలో ముఖ్యమైనది ఇదే. అప్పుడు తెలంగాణను ఆంధ్రతో కలపాలా వద్దా అని పెద్ద చర్చ నడిచింది. తెలంగాణ వేరుగానే ఉండాలని రంగారెడ్డి గారు, చెన్నారెడ్డి గారు అన్నారు. మనవాళ్ళు చదువుల వెనక ఉన్నారు, కలిస్తే ఉద్యోగాలు, భూములు బయటివాళ్ళకు పోతాయని వాళ్ళ భయం. చివరికి కలపాలనే పెద్దలు నిర్ణయించారు. అందుకు 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఒక ఒప్పందం రాసుకున్నారు. దానినే పెద్దమనుషుల ఒప్పందం అంటారు. ఆంధ్ర వైపు నుంచి నలుగురు, తెలంగాణ వైపు నుంచి నలుగురు సంతకం పెట్టారు. మన నలుగురిలో రంగారెడ్డి గారు ఒకరు. అప్పటికి ఆయనకు 65 ఏళ్ళు.

ఆ ఒప్పందంలో చాలా మాటలు ఉన్నాయి. తెలంగాణలో వచ్చిన మిగులు డబ్బు తెలంగాణకే ఖర్చు పెట్టాలి. ఇక్కడ 12 ఏళ్ళు ఉన్నవాళ్ళకే ఇక్కడి ఉద్యోగాలు ఇవ్వాలి. తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకం మీద ఇక్కడి ప్రాంతీయ మండలికి అధికారం ఉండాలి. ముఖ్యమంత్రి ఆంధ్ర మనిషి అయితే ఉప ముఖ్యమంత్రి తెలంగాణ మనిషి కావాలి.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. కానీ ఉప ముఖ్యమంత్రిని పెట్టనే లేదు. అంటే మొదటి రోజునే ఒక మాట తప్పింది. తర్వాత 1959లో రంగారెడ్డి గారిని ఉప ముఖ్యమంత్రిని చేశారు. దామోదరం సంజీవయ్య గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కూడా ఆయనే, 1962 దాకా ఉన్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళు ఆ పదవి మళ్ళీ లేదు.

మా ఊర్లో పెద్దలకు చదువు రాదు. కాగితం చూపిస్తే వేలిముద్ర వేస్తారు, తర్వాత మోసపోయినం అంటారు. చదువు రాకనే మోసపోతారని నేను అనుకునేదాన్ని. కానీ రంగారెడ్డి గారు వకీలు. ప్రతి అక్షరం చదివి, తెలిసి సంతకం పెట్టారు. అయినా మాటలు నిలబడలేదు. రాసుకున్నది చేయకపోతే శిక్ష ఏమిటో ఆ కాగితంలో లేదు. పెద్దమనుషులు కదా, మాట మీద ఉంటారు అనుకున్నారు.

చివరి రోజులు

ఉద్యోగాల మాట తప్పిందని 1969లో పిల్లలే రోడ్డు మీదికి వచ్చారు. ఆ గొడవ మొదలైంది మన దిక్కే, పాల్వంచ థర్మల్ స్టేషన్ ఉద్యోగాల మీద. తర్వాత తెలంగాణ అంతా పాకింది. కాల్పుల్లో చాలామంది విద్యార్థులు చనిపోయారు. చెన్నారెడ్డి గారు తెలంగాణ ప్రజాసమితికి నాయకుడు అయ్యారు. రంగారెడ్డి గారు 1970 జూలై 24న కన్నుమూశారు. వేరు తెలంగాణ ఆయన చూడలేదు. అది 2014 జూన్ 2న వచ్చింది.

ఆయన కుటుంబం

చెన్నారెడ్డి గారు 1978లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడు ఆగస్టు 15న హైదరాబాదు జిల్లాను విడదీసి కొత్త జిల్లా చేశారు, దానికే మేనమామ పేరు వచ్చింది. రంగారెడ్డి గారి కొడుకు కొండా మాధవరెడ్డి గారు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మనుమడు కొండా విశ్వేశ్వర్ రెడ్డి గారు చేవెళ్ళ నుంచి 2014లోను, 2024లోను ఎంపీగా గెలిచారు. హైటెక్ సిటీ ఉన్న శేరిలింగంపల్లి కూడా ఆ చేవెళ్ళ కిందికే వస్తుంది. తాత వకీలు అయితే పిల్లలకు దారి సులువు అవుతుంది. మన ఇండ్లల్ల ఆ మొదటి మనిషి మనమే కావాలి.

మనం తెలుసుకోవలసింది

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభం అయ్యింది. తర్వాత ఆ చుట్టుపక్కల పొలాలు, గుట్టలు పోయి కంపెనీలు వచ్చాయి. భూమి గురించి ఒప్పందంలో రాసిన మాట అక్కడ ఎవరికీ అడ్డం కాలేదు. మన ఏజెన్సీలో అట్లా కాకుండా 1/70 చట్టం ఉంది. అది కూడా రంగారెడ్డి గారు చనిపోయిన 1970లోనే వచ్చింది. గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదని అందులో ఉంది. ఇది ఒట్టి మాట కాదు, చట్టం. అయినా ఎవరూ అడగకపోతే చట్టం కూడా పుస్తకంలోనే ఉంటది.

ఇంకొకటి చెప్తాను. ఏజెన్సీలో టీచర్ ఉద్యోగాలు అక్కడి గిరిజనులకే ఇవ్వాలని 2000లో జీవో 3 వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. నాకు టీచర్ కావాలని ఉంది. మన క్లాసుల ఇంకా ఆరుగురికి అదే కోరిక ఉంది. అందుకే రంగారెడ్డి గారి కథ మనకు దూరం కథ కాదు.

ఆయన తెలంగాణ కోసం ముందుగానే భయపడ్డారు, ఆ భయాన్ని కాగితం మీద రాయించారు. అది ఆయన గొప్పతనం. రాసినదాన్ని అడిగి అమలు చేయించడం తర్వాతివాళ్ళ పని. కాబట్టి బాగా చదువుదాం, మన కాగితాలు మనమే చదువుదాం. చదివినంక ఊరుకోకుండా అడుగుదాం.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని