గొంతు పెగలని బారిస్టరు

మార్కులు ఉన్నా గ్రూప్ డిస్కషన్‌లో వెనకబడిపోయామని మా హాస్టల్ సీనియర్లు సెలవులకు వచ్చినప్పుడల్లా చెబుతుంటారు. పదిమంది గుండ్రంగా కూర్చుంటారు. ఇచ్చిన అంశం తెలిసిందే అయినా, తీరా నోరు తెరిచేసరికి తలలో ఒక్క ముక్కా మిగలదు. హాస్టల్ పిల్లలం కాబట్టి, ఇంగ్లీషు రాదు కాబట్టి ఇలా జరిగిందని అనుకుంటాం. అలా అనుకునే మేమంతా ఒక బారిస్టరు జీవితం చదివి ఆశ్చర్యపోయాం. ఆయనే మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ.

ఆయన 1869 అక్టోబర్ 2న పోర్‌బందర్‌లో జన్మించారు. తండ్రి దివాన్, ఇంట్లో లోటు లేదు. అయినా బడి వదలగానే, ఎవరైనా పలకరించి ఎగతాళి చేస్తారేమోనని ఇంటికి పరుగెత్తేవారు.

1888లో న్యాయశాస్త్రం చదవడానికి లండన్ వెళ్లారు. అక్కడి శాకాహార సంఘం కార్యవర్గంలో సభ్యులయ్యారు. సమావేశాలకు క్రమం తప్పక వెళ్లినా మౌనంగా కూర్చునేవారు. ధైర్యం కూడగట్టుకునేలోపు చర్చ మరో అంశానికి వెళ్లిపోయేది. మాలో ఎంతమందికి ఇది అనుభవమో! ఒకసారి డాక్టర్ అలిన్సన్ అనే సభ్యుణ్ని సంఘం నుంచి తొలగించాలన్న ప్రతిపాదన వచ్చింది. అది అన్యాయమని గాంధీగారికి అనిపించింది. తన అభిప్రాయం కాగితం మీద రాసుకుని వెళ్లారు. కానీ చదవడానికి ధైర్యం చాలక, మరొకరి చేత చదివించాల్సి వచ్చింది.

1891లో స్వదేశానికి బయలుదేరే ముందు మిత్రులకు విందు ఇచ్చారు. చిన్న ప్రసంగం సిద్ధం చేసుకున్నారు. మొదటి వాక్యం తర్వాత అంతా మరిచిపోయి, కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నారు. ఆ తర్వాత బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తొలి కేసు. సాక్షిని ప్రశ్నించడానికి లేస్తే తల తిరిగింది, ఒక్క ప్రశ్నా తోచలేదు. తీసుకున్న 30 రూపాయల ఫీజు వదులుకుని, వేరే వకీలును పెట్టుకోమని చెప్పి బయటపడ్డారు.

1893లో ఒక కేసు పని మీద దక్షిణాఫ్రికా వెళ్లారు. మొదటి తరగతి టికెట్టు ఉన్నా రంగును బట్టి రైలు నుంచి దింపేశారు. ప్రిటోరియా చేరిన కొద్దిరోజులకే అక్కడి భారతీయులను సమావేశపరిచి, వ్యాపారంలో నిజాయితీ గురించి మాట్లాడారు. అదే ఆయన జీవితంలో తొలి బహిరంగ ప్రసంగం. ఆ రోజు గొంతు ఎందుకు పెగిలింది? విషయం మీద ముందే సిద్ధపడి వెళ్లారు. అంతకు మించి, ఆ రోజు ఆయన మనసు తనమీద లేదు, ఎదుట కూర్చున్నవారి కష్టం మీద ఉంది. మాకు తోచిన కారణం ఇదే.

1894లో నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ స్థాపించారు. ఎన్నడూ సభలో నోరెత్తని వర్తకులు కూడా ఆ సమావేశాల్లో లేచి మాట్లాడటం నేర్చుకున్నారు. అక్కడే పుట్టిన భారతీయ యువకుల కోసం ఒక విద్యా సంఘం కూడా ఏర్పడింది. వాళ్లు తరచూ కలిసి వ్యాసాలు చదివేవారు, చర్చించుకునేవారు. చిన్న గ్రంథాలయం కూడా పెట్టుకున్నారు.

ఇక భయం పూర్తిగా పోయిందనుకుంటే పొరపాటు. 1896లో బొంబాయి సభలో రాసుకెళ్లిన ప్రసంగం చదువుతుంటే వణుకు వచ్చి, గొంతు తగ్గిపోయింది. చివరికి దిన్షా వాచా చదివారు. 1901 కలకత్తా కాంగ్రెస్‌లో ఇచ్చింది ఐదు నిమిషాలు. ఇంకా రెండు నిమిషాలు ఉన్నాయని హెచ్చరించే గంట మోగితే, సమయం అయిపోయిందనుకుని మధ్యలోనే కూర్చున్నారు.

ఆ మనిషే 1930లో ఉప్పు సత్యాగ్రహానికి దేశాన్ని కదిలించారు. 1948 జనవరి 30న హత్యకు గురయ్యేవరకు ప్రజలతో మాట్లాడుతూనే ఉన్నారు. గొప్ప గొంతు ఆయనకు ఎన్నడూ లేదు. ఆ బిడియమే మాటను పొదుపుగా వాడటం నేర్పిందని తర్వాతి కాలంలో ఆయనే రాసుకున్నారు.

నేటాల్ యువకుల్లాగే మేమూ ఒక నిర్ణయం తీసుకున్నాం. ప్రతి ఆదివారం సాయంత్రం భోజనశాలలో పదిమంది చొప్పున గుండ్రంగా కూర్చుంటాం. అంశం ముందురోజే చదువుకుని, చెప్పదలచిన ఒక్క ముఖ్యమైన మాట చీటీ మీద రాసుకుంటాం. చర్చ ముందుకు సాగిపోకముందే ఆ మాట చెప్పేస్తాం. మరిచిపోతే చీటీ చూసుకుంటాం. ఎవరూ నవ్వరాదన్నది మా మొదటి నియమం. పూర్వ విద్యార్థులైన అన్నలూ, ఊరికి వచ్చినప్పుడు ఒక ఆదివారం మా మధ్య కూర్చోండి. ఇంటర్వ్యూ గదిలో మీ గొంతు ఆగిపోయిన రోజు గురించి మాకు చెప్పండి.