అట్టయిండ్లు, సీసపు సిపాయిలు: హెచ్. జి. వెల్సు జీవితము

కంటికి కనబడని మనుష్యుని కథయు, కాలమునందు ప్రయాణము చేయు యంత్రము కథయు చదివిన విద్యార్థులు హెచ్. జి. వెల్సు పేరు నెరుగుదురు. ఆ గ్రంథకర్త నడివయస్సున నేలపై మోకాళ్లూని, చిన్న చిన్న యిండ్లు కట్టి, వానికి రంగులు వేసి, వాని నడుమ సీసపు సిపాయిలను నడిపించెడివాడని యెరిగినవారు తక్కువ. మన చిన్నతరగతుల పిల్లలు క్రిస్మసు వేళ అట్టముక్కలతోను వరిగడ్డితోను బేత్లెహేము పశువులపాకను కట్టుట చూచినవారికి ఆ పని యెట్టిదో వేఱుగా చెప్పనక్కరలేదు. అయితే వెల్సు కట్టినది యుద్ధము కొఱకు కట్టిన యూరు.

హెర్బర్టు జార్జి వెల్సు 1866వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన ఇంగ్లండులోని బ్రామ్లీ పట్టణమున జన్మించెను. తండ్రి జోసెఫు పింగాణి సామానులును క్రికెట్టు ఆట పరికరములును అమ్ముకొను చిన్న దుకాణదారుడు. ఆయన ఆటలో పేరు గాంచెను గాని వ్యాపారములో గాదు. 1874లో కాలు విరిగి మంచము పట్టియుండగా ఈ బాలునకు పుస్తకములయందు రుచి కలిగెను. 1877లో తండ్రి తొడయెముక విరిగి సంపాదన సన్నగిల్లెను. 1880లో తల్లి సారా, అప్పార్కు అను జమీందారీ భవనమున గృహనిర్వాహకురాలిగా కొలువునకు జేరెను. ఆ భవనమున పదునెనిమిదవ శతాబ్దమునాటి బొమ్మరిల్లొకటి కలదు. గదులు, బల్లలు, కుర్చీలు, సమస్తమును నిజమైనవానిని పోలి చిన్నవిగా చేయబడినవి. తరువాత వెల్సు వ్రాసిన టోనో-బంగే నవలలో ఇట్టి బొమ్మరిల్లు కానవచ్చును.

1881లో బాలుని సౌత్సీ యందలి యొక జవుళి కొట్టులో పని నేర్చుకొనుటకు ఉంచిరి. దినమునకు పదుమూడు గంటల చాకిరి. రెండేండ్లకు దానిని విడిచి, మిడ్హర్స్టు పాఠశాలలో చిన్నవారికి చెప్పుచు తాను చదువుకొను ఉపాధ్యాయుడయ్యెను. (మన వృత్తివారు ఈ సంగతి గమనింతురు గాక.) 1884లో విద్యార్థి వేతనముపై లండను చేరి థామస్ హక్స్లీ వద్ద జీవశాస్త్రము నభ్యసించెను, 1890లో పట్టము పొందెను. 1895 మొదలు 1898 వఱకు వెలువడిన నవలలు కీర్తిని, ధనమును తెచ్చెను.

ఆ ధనముతో సాండ్గేటు అను సముద్రతీర గ్రామమున ఇల్లు కట్టుకొనెను. మన మైపాడు పిల్లలవలెనే ఆతని యిద్దరు కుమారులును అలల చప్పుడు వినుచు పెరిగిరి. పెద్దవాడు జార్జి ఫిలిప్పు 1901లోను, రెండవవాడు ఫ్రాంకు 1903లోను పుట్టిరి. వారితో నేలపై నాడిన యాటలను 1911లో ఒక పుస్తకముగా వ్రాసెను. అందు గదినేల సముద్రము, పలకలు ద్వీపములు, కొయ్యదిమ్మెలు పట్టణములు.

1913లో వచ్చిన రెండవ పుస్తకము పేరు లిటిల్ వార్స్, అనగా చిన్న యుద్ధములు. ఒకనాడు భోజనానంతరము స్నేహితుడు జెరోం కె. జెరోం, అంగుళము పొడవుగల కొయ్యగుండును విసరు స్ప్రింగు ఫిరంగితో సిపాయి బొమ్మలను గురిచూచి కొట్టెను. అంతట ఆట పుట్టెను. తొలుత విజ్ఞానకోశపు సంపుటములే కొండలు. అవి మోటుగా నుండుటచే వడ్రంగిచే కొయ్యముక్కలు చేయించిరి. సుద్దతో నదులు గీసిరి. తోటలోని రెమ్మలు తెచ్చి చెట్లుగా నిలిపిరి. అట్టతోను, గోడల కంటించు కాగితముతోను ఇండ్లు చేసి, తలుపులు, కిటికీలు రంగుతో వేసిరి. ఇది కేవలము శోభ కొఱకు గాదు. బోసినేలపై ఫిరంగిదే రాజ్యము; ఎదుట నున్నవారందఱు కూలుదురు. ఇల్లొకటి నిలిచినచో దాని చాటున సిపాయిలు దాగవచ్చును, దారి మరలవలెను, సేనాపతి ఆలోచింపవలెను. కాల్బలము ఒక పర్యాయమునకు ఒక అడుగు, గుఱ్ఱపుదండు రెండడుగులు నడువవచ్చును. సేనలను నిలుపునప్పుడు ఒకరిది ఒకరికి కనబడకుండ నడుమ తెర కట్టుదురు. ఈ యాట మగపిల్లలదే యనియు, మిక్కిలి తెలివిగల యాడపిల్లలు మాత్రము ఇందు చేరవచ్చుననియు గ్రంథకర్త భావించెను. మన పాఠశాల బాలికలు నవ్వుకొందురు గాక.

ప్రష్యా దేశమున 1824లోనే రైస్విట్జు అను సైనికోద్యోగి పటములపై ఆడు యుద్ధక్రీడను సేనాధిపతుల శిక్షణ కొఱకు సిద్ధపఱచెను. వెల్సు ఉద్దేశ్యము దీనికి విరుద్ధము. నిజమైన యుద్ధము మిక్కిలి మూఢమైన యాట యనియు, దాని నెఱుగగోరువారు బొమ్మలతో ఆడి చూచినచో చాలుననియు పుస్తకాంతమున బోధించెను. సీసము విరిగిన కరగి పోయవచ్చును, మనుష్యుని పోయలేము.

మఱుసటి యేడాది ఆగస్టులో మహాయుద్ధము వచ్చెను. మన తీరమునకును దాని సెగ తగిలెను. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను ఓడ మద్రాసు రేవుపై గుండ్లు కురిపించి చమురు తొట్లను తగులబెట్టెను. వేలకొలది జనులు పట్టణము విడిచిరి. నేలపై చిన్నయిండ్లు కట్టిన ఈ రచయిత యేమి చేసెను? ఈ యుద్ధమే యుద్ధములను అంతము చేయునని వ్రాసి, దానిని సమర్థించెను. 1918లో శత్రుదేశములకు పంపు ప్రచారపు పనిలోను చేరెను. ఆతడు కపటి యని నేననుకొనను, ఆశచే మోసపోయెను. అయినను లెక్క చూడుడు. 1913లో ఆ పుస్తకము చదివిన పదునాలుగేండ్ల బాలునికి 1917లో పదునెనిమిది నిండెను. 1916 మొదలు బ్రిటనులో ఆ వయస్సువారిని నిర్బంధముగా సైన్యములో చేర్చుకొనుచుండిరి. వెల్సు పెద్దకుమారునికి యుద్ధము ముగియునాటికి పదునేడేండ్లు మాత్రమే.

1903లో ఆతడు కథలో కల్పించిన ఇనుపబండ్లవంటివి 1916లో ఫ్రాన్సు యుద్ధభూమిపై నడిచెను. 1914లో నవలలో పేర్కొనిన అణుబాంబు 1945లో హిరోషిమాపై పడెను. యుద్ధానంతరము దేశములన్నియు ఒక్క ప్రభుత్వముక్రింద నుండవలెనని వాదించుచు, 1920లో ప్రపంచచరిత్రను ప్రకటించెను. దేవుని గూర్చి ఆతడు వ్రాసిన దానిని మనము అంగీకరింపజాలము. గృహజీవితమును అనుకరింపదగినది గాదు. పెద్దకుమారుడు జంతుశాస్త్రజ్ఞుడై తండ్రితోను జూలియన్ హక్స్లీతోను కలిసి జీవశాస్త్రగ్రంథము వ్రాసెను.

రెండవ మహాయుద్ధమున లండనుపై బాంబులు పడుచున్నను వృద్ధుడైన వెల్సు ఆ నగరమునందలి తన యిల్లు విడువలేదు. 1946 ఆగస్టు 13వ తేదీన అచ్చటనే మరణించెను. చితాభస్మమును కుమారులు సముద్రములో కలిపిరి.