జేకబు వజ్రపు వ్యాజ్యము
అబిడ్స్ దాటి నాంపల్లికి నడచువారిలో ఆ పేరెవరిదో ఎరిగినవారు కొలదిమందియే. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆంతరంగిక సేవకుడు ఆల్బర్టు అబీదు అచట అంగడి పెట్టెను. పేటకు అతని పేరే నిలిచెను. 1891లో సిమ్లా రత్నవర్తకుడు అలెగ్జాండర్ మాల్కమ్ జేకబు నిజాముతో వజ్రపు బేరము నడపినది ఈ అబీదు ద్వారముననే.

జేకబు తురుష్క సామ్రాజ్యమున పుట్టినవాడు. అతడు గూఢచారి యని వదంతి; కిప్లింగు నవల ‘కిమ్’లోని లుర్గన్ పాత్రకు మూల మతడే యందురు. పరుల గుట్టు కూపీ తీయునని పేరొందినవాడు తానే ముద్దాయి యయ్యెను.

నిజాము 23 లక్షల రూపాయలు ముందుగా కట్టెను. రాయి చూచి వలదనెను. సొమ్ము మరలి రాలేదు. కలకత్తా హైకోర్టులో జేకబుపై నమ్మకద్రోహము, మోసము నేరములు మోపబడెను. పోలీసులు వెదకునది నేరమును. ముద్దాయి పక్షమున వెదకవలసినవారు అతని న్యాయవాదులే. ఆ సొమ్ము ధరలో భాగమా, దాచుకొనుమని ఇచ్చినదా? చిక్కంతయు అచటనే యుండెను. నిజాము వాఙ్మూలమును సయితము కమిషను ద్వారా తీసికొనిరి. ప్రభువు సాక్షి యగుట హైదరాబాదుకు తలవంపయ్యెను.

జ్యూరీ జేకబును నిర్దోషి యనెను. గెలిచియు అతడు కోలుకొనలేదు. వ్యాపారము చితికి, 1921లో బొంబాయిలో బీదవాడై మరణించెను. వజ్రము తుదకు నిజామునకే దక్కి, ఒక పాదరక్ష కొనలో పడియుండి, కుమారునికి దొరికినదట. 1995లో భారత ప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాము నగలలో అదియు నొకటి.