తేలు గుర్తు: కార్లో అబార్త్ జీవితగాథ

వీణను మలచినవాడు ఒకడు, దానిని శ్రుతి చేసేవాడు మరొకడు. మోటారు వాహనాల చరిత్రలో వీణను మలచినవారి పేర్లు మన విద్యార్థులకు పరిచితమే. బెంజ్, ఫోర్డ్ మున్నగువారిని గురించి పాఠ్యపుస్తకాలలో చదువుకున్నాము. ఇతరులు చేసిన కారును తెచ్చుకొని, విప్పి, దిద్ది, దానిలో దాగియున్న వేగాన్ని వెలికి తీసినవారి కథలు మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. అట్టివారిలో అగ్రగణ్యుడు కార్లో అబార్త్.

ఇతడు 1908 నవంబరు 15న వియన్నా నగరంలో జన్మించాడు. మొదటి పేరు కార్ల్. ఇటలీ పౌరుడైన పిదప కార్లో అయినాడు. బాల్యంలో తోటి పిల్లలు కొయ్యచక్రాల తోపుడుబండ్లతో పందెాలు ఆడుకొనేవారు. తనకంటె పెద్దవారిని గెలవలేక, ఆ చక్రాలకు తోలుపట్టీ చుట్టి గెలిచాడని చెబుతారు. కాలి బలం చాలనప్పుడు చక్రాన్ని మార్చాలన్న ఊహ పదునొకండేళ్ళ బాలునికి కలిగింది. అతని జీవితమంతా ఆ ఊహకు వ్యాఖ్యానమే.

యౌవనంలో మిలాన్‌లో పని నేర్చి, తిరిగి ఆస్ట్రియా చేరి మోటారుసైకిలు పందెాలలో పేరు తెచ్చుకున్నాడు. 1930 ప్రాంతంలో లింజ్ పట్టణంలో జరిగిన ప్రమాదం రెండు చక్రాల పందెాలకు అతనిని దూరం చేసింది. అంతటితో ఊరుకోక, పక్కన తొట్టి తగిలించిన మోటారుసైకిలును స్వయంగా రూపొందించుకొని 1934లో ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్ రైలుతోనే పోటీ పెట్టుకున్నాడు. వియన్నా మొదలు బెల్జియం తీరంలోని ఓస్టెండ్ వరకు పదమూడు వందల కిలోమీటర్లకు పైబడిన దారి. ఒకమారు ఓడి, రెండవమారు రైలును గెలిచాడు. రెండవ ప్రపంచ యుద్ధానికి కొంచెం ముందు యుగోస్లావియాలోని లుబ్లియానాలో మరొక ఘోర ప్రమాదం అతనిని ఆసుపత్రి పాలు చేసింది. ఇక పందెగానిగా అతని జీవితం ముగిసినట్లే అయింది. యుద్ధకాలమంతా ఆ దేశంలోనే గడిపాడు.

యుద్ధానంతరం ఉత్తర ఇటలీలోని మెరానో చేరినాడు. పోర్షే కుటుంబంతో అతనికి పూర్వపరిచయం ఉండేది. ఆ పరిచయమే అతనిని పియెరో దూజియో నడుపుచున్న చిసితాలియా సంస్థకు చేర్చింది. పోర్షేవారు రూపకల్పన చేసిన గ్రాండ్ ప్రీ కారును నిర్మించబోయి ఆ సంస్థ ధనమంతా వ్యయపరచుకొని కూలిపోయింది. దూజియో అర్జెంటీనా వెళ్ళిపోగా, రావలసిన బాకీకి బదులుగా కొన్ని పందెపు కార్లు, విడిభాగాలు అబార్త్‌కు దక్కాయి. ఆ సామగ్రితో, స్కాలియారీని కుటుంబం పెట్టుబడితో, 1949 మార్చి 31న బొలోన్యాలో సొంత సంస్థను స్థాపించాడు. రెండేళ్ళకు దానిని టూరిన్‌కు మార్చాడు. తాను పుట్టిన రాశి వృశ్చికమని తేలు బొమ్మను సంస్థకు చిహ్నంగా పెట్టుకున్నాడు.

1950 ఏప్రిల్‌లో సిసిలీలోని మోంతే పెల్లెగ్రీనో కొండదారి పందెంలో తాజియో నువొలారి అబార్త్ కారు నడిపి తన తరగతిలో ప్రథముడైనాడు. యుద్ధపూర్వపు ఐరోపాలో సాటిలేనివాడనిపించుకున్న ఆ మహారథికి అదే కడపటి పందెం. పుట్టి ఏడాదైన సంస్థకు ఇంతకు మించిన కీర్తి ఏమి కావాలి? కాని కీర్తి వలన కర్మాగారంలో పొయ్యి రాజదు. కూడు పెట్టినది సైలెన్సరు.

ఇంజను పనితీరు తెలిసిన విద్యార్థి దీనిని సులభంగా గ్రహించగలడు. సిలిండరులో ఇంధనం మండిన తర్వాత మిగిలిన వాయువు వెంటనే బయటికి పోవాలి. పాత పద్ధతి సైలెన్సరులలో ఆ వాయువు చిన్న చిన్న అరలగుండా వంకరలు తిరిగి బయటపడవలసి ఉండేది. శబ్దం తగ్గేదన్న మాట నిజమే. కాని ఆ అడ్డంకిని నెట్టడానికే పిస్టను శక్తి కొంత ఖర్చయ్యేది. పోగా మిగిలిన పొగ సిలిండరులో నిలిచి, లోనికి రావలసిన కొత్త మిశ్రమానికి చోటు లేకుండా చేసేది. అబార్త్ సైలెన్సరులో తిన్నని గొట్టానికి రంధ్రాలు చేసి, దాని చుట్టూ గాజుపీచు దట్టించాడు. వాయువు అడ్డు లేకుండా పోతుంది. శబ్దాన్ని పీచు పీల్చుకొంటుంది. నల్లని రంగు పూసి, కొసలకు క్రోమియం మెరుగు పెట్టి అమ్మేవాడు. దీనివలన పెరిగే శక్తి ఏపాటిదని అడిగితే, కొద్దిపాటిదే అని చెప్పక తప్పదు. యువకులు చాలమంది శక్తికంటె ఆ గంభీరమైన ధ్వనికే డబ్బిచ్చారనడంలో సందేహం లేదు. ఏమైనా ఆ గొట్టాలు దేశదేశాలకు ఎగుమతి అయినాయి.

ఆనాటి ఇటలీ యుద్ధంలో చితికి, అప్పుడప్పుడే లేచి నిలబడుతున్న దేశం. గుమాస్తా, బడిపంతులు, చిల్లరవర్తకుడు కొనగలిగినది ఫియట్ వారి చిన్న కారు మాత్రమే. (బొంబాయి వీధులలో దశాబ్దాలు టాక్సీగా తిరిగిన ఫియట్ 1100 ఆ సంస్థదే.) 1955లో వచ్చిన ఫియట్ 600 కారు ఇంజను 633 ఘనసెంటీమీటర్లది, శక్తి ఇరువది రెండు అశ్వశక్తులకు లోపే. అబార్త్ సిలిండరు వ్యాసాన్ని 60 మిల్లీమీటర్లనుండి 61కి పెంచి, క్రాంకుషాఫ్టును మార్చి పిస్టను నడకను 56నుండి 64కి సాగదీశాడు. ఇంజను 747 ఘనసెంటీమీటర్లదై, శక్తి నలువది దాటింది. అనగా పరిమాణం ఆరవవంతు కంటె కొంచెం ఎక్కువ పెరిగితే శక్తి దాదాపు రెట్టింపయిందన్నమాట. మిగిలిన తేడా అంతా కార్బురేటరు, కామ్‌షాఫ్టు, మిశ్రమాన్ని అదిమే నిష్పత్తి, పొగగొట్టం, వీటి పొందికలో ఉన్నది. శ్రుతి అన్నమాట ఇక్కడ అక్షరాలా సార్థకం.

ఈ సామగ్రినంతా ఒక కొయ్యపెట్టెలో సర్ది అమ్మడం అతని వ్యాపార ప్రతిభ. పెట్టె తెచ్చుకొని ఊళ్ళోని మెకానిక్కు చేత అమర్పించుకొంటే సామాన్యుని కారే పందెపు కారయ్యేది. 1963లో ఫియట్ 500కు ఇదే పని చేసి 595 అని పేరు పెట్టాడు. పదునెనిమిది అశ్వశక్తుల బండి ఇరువదియేడింటికి చేరి, గంటకు 120 కిలోమీటర్లు పరుగెత్తింది. శక్తి పెరిగితే వేడి పెరుగుతుంది. అందుచేత పందెపు కార్లలో వెనుకనున్న ఇంజను మూతను తెరచియే ఉంచేవారు. చూడడానికి తలుపు వేయడం మరచినట్లుండేది గాని, గాలి ఆడడానికి అదే మార్గం.

ఫియట్ వారితో అతని సంబంధం విచిత్రమైనది. 1957లో వారు విడుదల చేసిన కొత్త 500 మొదట అంతగా అమ్ముడుపోలేదు. 1958 ఫిబ్రవరిలో అబార్త్ తాను దిద్దిన 500ను మోంజా పందెపుబాటపై ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఎడతెగకుండా, డ్రైవర్లను మార్చుతూ నడిపించాడు. 168 గంటలలో ఆ బుల్లి కారు 18,186 కిలోమీటర్లు తిరిగింది. సగటు వేగం గంటకు 108 కిలోమీటర్లు. అటుపై, తమ కార్లతో అతడు సాధించే ప్రతి విజయానికి, ప్రతి రికార్డుకు సొమ్ము చెల్లించడానికి ఫియట్ వారు అంగీకరించారు. గెలుపు అతనిది, ప్రతిష్ఠ ఇద్దరిది. కాని ముడిసరుకు అంతా వారి చేతిలోనే ఉన్నది. ఇతరుల కారును దిద్ది జీవించేవాని స్వాతంత్ర్యం ఎంతవరకో అతనికి తెలియకపోలేదు. పోర్షే, సిమ్కా వారి కార్లకు కూడ పనిచేయడంలో ఆ మెలకువ కనబడుతుంది.

1965 అక్టోబరు 20న, తన యేబదియేడవ యేట, అబార్త్ స్వయంగా చక్రం పట్టినాడు. రికార్డు కారు కుహరం మిక్కిలి ఇరుకు, మనిషి భారీకాయుడు. కారును పెంచలేదు, తన్నే తగ్గించుకున్నాడు. ఆపిలు పండ్లే ఆహారంగా ముప్పది కిలోల బరువు తగ్గి ఆ ఇరుకులో కూర్చున్నాడు. మోంజాలో ఆ దినాన అతడు నెలకొల్పినది సంస్థ చరిత్రలో నూరవ రికార్డు. ముప్పదియేండ్ల క్రిందట ప్రమాదాలు లాగివేసిన ఆసనం అది. దానిని మరల సంపాదించడానికి ఎంత కాలం కాచుకొని ఉన్నాడో!

తరువాతి కథ అంత సంతోషకరం కాదు. చిన్న కార్లతో తృప్తిపడక ఆరు లీటర్ల, పన్నెండు సిలిండర్ల ఇంజనుకు పూనుకున్నాడు. ఇంతలో 1968నుండి ఆ తరగతికి మూడు లీటర్ల పరిమితి విధించడంతో ఆ శ్రమ వృథా అయింది. చిన్నదానిలో పెద్ద శక్తి చూపినవాడు పెద్దదానికై ఆశపడి నష్టపోవడం విధివైపరీత్యం అనాలో, స్వయంకృతం అనాలో నిర్ణయించడం కష్టం. ఖర్చులు పెరిగి, 1971లో సంస్థను ఫియట్ వారికే అమ్మివేశాడు. పందెపు కార్ల విభాగం ఒసెల్లా అను నిర్మాత చేతికి పోయింది. అబార్త్ కొంతకాలానికి వియన్నా చేరినాడు.

1979 అక్టోబరు 24న తాను పుట్టిన నగరంలోనే కన్నుమూశాడు. పుట్టుక, మరణం రెండూ వృశ్చికంలోనే జరిగినాయని అతని అభిమానులు విశేషంగా చెప్పుకొంటారు. మన పంచాంగం ప్రకారం ఆనాడు సూర్యుడు ఇంకా తులలోనే ఉన్నాడు. పాశ్చాత్యుల లెక్క వేరు. తేలు బొమ్మను మాత్రం ఫియట్ వారు చెరపలేదు. 2007లో ఆ పేరుతో మరల సంస్థను నెలకొల్పి, చిన్న కార్లకే దానిని అతికించారు.