బృహదణు ద్రష్ట హెర్మన్ స్టౌడింగర్

రామాయణంలో హనుమంతుడు తెచ్చిన ఓషధీ పర్వతంపై నాలుగు దివ్యమూలికలు ఉన్నాయి. మృతులను బతికించేది మృతసంజీవని. శరీరంలో నాటుకొన్న శల్యాలను తొలగించేది విశల్యకరణి. మేనికి పూర్వపు వన్నెను తెచ్చేది సువర్ణకరణి. తెగిన అంగాలను అతికించేది సంధానకరణి. విరిగినది మళ్లీ అతుక్కోవాలన్న మానవుని కోరిక ఎంత పురాతనమైనదో ఈ నాలుగవ మూలిక పేరే చెబుతున్నది. అటువంటి సంధానశక్తిని ప్రాణం లేని ప్లాస్టిక్‌కు కూడా ప్రసాదించాలని ఆధునిక రసాయన శాస్త్రజ్ఞులు కృషి చేస్తున్నారు. తనపై పడిన గీతను తానే పూడ్చుకొనే పూత, తనలో ఏర్పడిన పగులును తానే మాన్పుకొనే పదార్థం వారి పరిశోధనల ఫలితాలే.

అయితే తెగినదానిని అతికించాలంటే అది ఏ విధంగా కూర్చబడినదో ముందుగా తెలియాలి. ప్లాస్టిక్, రబ్బరు, నూలు వంటి పదార్థాల అంతర్నిర్మాణాన్ని లోకానికి తెలిపి, ఆ సత్యాన్ని నిలబెట్టడానికి సంవత్సరాల తరబడి సహశాస్త్రజ్ఞుల నిరసనను ఎదుర్కొన్న మహనీయుడు హెర్మన్ స్టౌడింగర్.

స్టౌడింగర్ 1881 మార్చి 23న జర్మనీలోని వర్మ్స్ నగరంలో జన్మించాడు. తండ్రి ఫ్రాంజ్ స్టౌడింగర్ తత్త్వశాస్త్రంలో పండితుడు. బాల్యం నుంచి హెర్మన్‌కు మొక్కలంటే మక్కువ. వృక్షశాస్త్రం చదవాలన్నది అతని అభిలాష. మొక్కల మర్మం తెలియాలంటే మొదట రసాయనశాస్త్రం నేర్వాలని పెద్దలు హితవు చెప్పారు. ఆ మాట అతని జీవితగమనాన్నే మార్చివేసింది. 1903లో హాలే విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందిన స్టౌడింగర్, స్ట్రాస్‌బర్గ్‌లో పనిచేస్తూ కీటీన్లు అనే కొత్త రసాయనాల తరగతిని కనుగొన్నాడు. 1907లో కార్ల్‌స్రూహేలో ఆచార్యుడయ్యాడు. 1912లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఆయనను ఆహ్వానించింది. ముప్పై ఏళ్లు దాటినంతనే కర్బన రసాయనశాస్త్రంలో ఆయన పేరు సుస్థిరమైంది.

ఆ దారినే సాగి ఉంటే ఆయనకు జీవితమంతా గౌరవమే దక్కేది. కాని ఆయన దృష్టి రబ్బరు మీదికి, సెల్యులోజ్ మీదికి మళ్లింది. ఆనాటి రసాయనశాస్త్రజ్ఞులకు ఈ పదార్థాలంటే చులకన. అవి స్ఫటికాలుగా ఏర్పడవు, స్వేదనానికి లొంగవు, పాత్రకు అంటుకొని చికాకు కలిగిస్తాయి. ఇటువంటి జిగట పదార్థాలలో చిన్న చిన్న అణువులే ఏదో బలహీనమైన ఆకర్షణతో గుంపుగా చేరి ఉంటాయని నాటి పండితుల నిశ్చితాభిప్రాయం.

స్టౌడింగర్ 1920లో పాలిమరీకరణంపై ఒక వ్యాసం ప్రకటించాడు. రబ్బరులో ఉన్నది చిన్న అణువుల గుంపు కాదని, వేలాది పరమాణువులు సంయోజనీయ బంధాలతో వరుసగా ముడిపడిన పొడవైన గొలుసు అని అందులో ప్రతిపాదించాడు. ఒక పోలికతో ఈ భేదం సులభంగా బోధపడుతుంది. బుట్టలో పోసిన విడిపూలు కూడా ఒకచోటనే ఉంటాయి, దారంతో గుచ్చిన దండలోని పూలు కూడా ఒకచోటనే ఉంటాయి. బుట్టను వంచితే విడిపూలు చెదిరిపోతాయి. దండ మాత్రం దండగానే నిలుస్తుంది. రబ్బరు పూలరాశి అని తక్కినవారు అన్నారు. అది పూలదండ అని స్టౌడింగర్ అన్నాడు.

మాటతో ఆగక ఆయన దానిని ప్రయోగంతో నిరూపించ పూనుకొన్నాడు. రబ్బరులోని ద్విబంధాల వల్లనే చిన్న అణువులు ఒకదానినొకటి ఆకర్షించుకొంటున్నాయని ప్రతిపక్షుల వాదం. అలాగైతే హైడ్రోజన్‌ను చేర్చి ద్విబంధాలను తొలగిస్తే ఆ ఆకర్షణ నశించి రబ్బరు తేలికగా ఆవిరయ్యే ద్రవంగా మారిపోవాలి. 1922లో స్టౌడింగర్, ఆయన శిష్యుడు ఫ్రిట్షి ఆ ప్రయోగం చేశారు. ద్విబంధాలు పోయాయి. పదార్థపు స్వభావం మాత్రం మారలేదు. అది ఆవిరి కాలేదు, ద్రావణాలలో రబ్బరువలెనే ప్రవర్తించింది. గొలుసు గొలుసుగానే ఉన్నదనడానికి ఇది బలమైన ఆధారం. ఇటువంటి అతిదీర్ఘమైన అణువులకు వారు బృహదణువులు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

ఆధారం లభించినంత మాత్రాన అభిప్రాయాలు మారవు. 1926లో డ్యూసెల్‌డార్ఫ్‌లో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో స్టౌడింగర్ వాదానికి తీవ్రమైన ప్రతిఘటన ఎదురైంది. ఆ సంవత్సరమే ఆయన జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయానికి తరలివచ్చాడు. అక్కడ ఆయనకు ముందు ఆ పీఠాన్ని అధిష్ఠించిన హెన్రిక్ వీలండ్ గొప్ప శాస్త్రజ్ఞుడు, నోబెల్ పురస్కార గ్రహీత. అణుభారం 5,000 మించిన కర్బన అణువులు ఉండవని, రబ్బరును బాగా శుద్ధి చేస్తే అది స్ఫటికంగా మారి చిన్న అణువేనని తేలుతుందని ఆయన స్టౌడింగర్‌కు మిత్రభావంతో సలహా ఇచ్చాడు. శత్రువు నిందను తోసిపుచ్చడం సులభం. మేలుకోరే పెద్ద మాటను కాదనడం కష్టం. స్టౌడింగర్ ఆ కష్టమైన పనినే ఎంచుకొన్నాడు.

ఆయన ఫార్మాల్డిహైడ్ నుంచి క్రమంగా పొడవు పెరిగే గొలుసులను తయారుచేశాడు. పొడవు పెరిగిన కొద్దీ పదార్థ ధర్మాలు మెట్టు మెట్టుగా మారుతున్నాయని చూపాడు. గొలుసు పొడవుకు, ద్రావణపు స్నిగ్ధతకు గల సంబంధాన్ని గుర్తించి, చిక్కదనాన్ని బట్టి అణువు పొడవును అంచనా వేసే పద్ధతిని కల్పించాడు. అదే కాలంలో స్వీడన్ శాస్త్రజ్ఞుడు స్వెడ్‌బెర్గ్ అతివేగంగా తిరిగే యంత్రం సహాయంతో రక్తంలోని హీమోగ్లోబిన్ అణుభారం 60,000కు పైగా ఉంటుందని తేల్చాడు. మెల్లమెల్లగా సందేహాలు తొలగాయి. 1932లో స్టౌడింగర్ తన పరిశోధనల సారాన్ని గ్రంథరూపంలో వెలువరించాడు. 1930ల మధ్యనాటికి బృహదణు సిద్ధాంతం సర్వామోదం పొందింది. 1935లో అమెరికాలో కరోథర్స్ రూపొందించిన నైలాన్ ఆ సిద్ధాంతానికి ప్రత్యక్ష నిదర్శనమైంది.

ఈ కాలంలోనే ఆయన చేసిన ఇంకొక పరిశీలన చూపులకు చిన్నది. పాలీస్టైరీన్‌ను యంత్రంలో చాలాసేపు నూరితే, దాని ద్రావణపు స్నిగ్ధత తగ్గిపోయింది. గొలుసులు పొట్టివైనాయన్నమాట. నూరడంలోని బలానికి అణువులోని బంధాలే తెగుతున్నాయని ఆయన గ్రహించాడు. ప్లాస్టిక్‌కు తగిలే గాయం పైపై గాయం మాత్రమే కాదని, లోపల దండల దారమే తెగవచ్చునని దీని తాత్పర్యం. గాయం ఎక్కడ ఉన్నదో తెలిసిన తరువాతనే కదా చికిత్స సాధ్యమయ్యేది!

శాస్త్రంలోనే కాక రాజకీయాలలోనూ ఆయన చిక్కులు ఎదుర్కొన్నాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, అమెరికా పారిశ్రామిక బలాన్ని లెక్కవేసి జర్మనీకి విజయం అసాధ్యమని ఆయన వ్రాశాడు. విషవాయువుల ప్రయోగాన్ని బహిరంగంగా ఖండించాడు. విషవాయు యుద్ధానికి నాయకత్వం వహించిన హేబర్ ఒకప్పుడు కార్ల్‌స్రూహేలో ఆయన సహచరుడే. ఆ హేబర్ ఆయనను దేశద్రోహిగా నిందించాడు. నాజీలు అధికారానికి వచ్చాక, ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయ అధిపతిగా ఉన్న తత్త్వవేత్త హైడెగర్ ఆ పాత వ్రాతలను తవ్వితీసి 1933, 34లలో ఆయనపై ఫిర్యాదు చేశాడు. స్టౌడింగర్ చేత రాజీనామా పత్రంపై సంతకం చేయించారు. దేశానికి రసాయనశాస్త్రం చేసే ఉపకారాన్ని వివరిస్తూ ఆయన ఒక వ్యాసం ప్రకటించవలసి వచ్చింది. చివరకు రాజీనామా అమలు కాలేదు. 1944 నవంబరులో జరిగిన బాంబుదాడిలో ఆయన పరిశోధనాలయం ధ్వంసమైంది. అప్పటికి ఆయన వయస్సు 63 సంవత్సరాలు. అయినా కుంగిపోక 1947లో బృహదణు రసాయనశాస్త్రానికి ప్రత్యేకంగా ఒక పత్రికను స్థాపించాడు. వృక్షశాస్త్రంలో నిపుణురాలైన భార్య మాగ్డా ఆయన పరిశోధనలలో సహభాగిని. బాల్యంలో విడిచిన మొక్కల లోకం ఆమె సాహచర్యంతో మళ్లీ ఆయనకు చేరువైంది.

1953లో నోబెల్ పురస్కారం ఆయనను వరించింది. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు, తొలి వ్యాసం వెలువడి 33 ఏళ్లు. 1965 సెప్టెంబరు 8న ఫ్రైబర్గ్‌లో ఆయన కన్నుమూశాడు.

ఆయన చూపిన దారిలో 2001లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్ వైట్, ఆయన సహచరులు ఒక అద్భుతం సాధించారు. గట్టి ఎపాక్సీ ప్లాస్టిక్‌లో ద్రవం నిండిన సూక్ష్మమైన గుళికలను, ఒక ఉత్ప్రేరకాన్ని కలిపారు. పగులు ఏర్పడినప్పుడు దాని దారిలోని గుళికలు చిట్లి, ద్రవం పగులులోకి పారుతుంది. ఉత్ప్రేరకం తగలగానే ఆ ద్రవంలోని చిన్న అణువులు కలిసి బృహదణువుల వలగా మారి పగులును పూడుస్తాయి. ఆ పదార్థం పగులును నిరోధించే శక్తిలో 75 శాతాన్ని తిరిగి పొందింది. అయితే ఒకసారి చిట్లిన గుళిక మళ్లీ నిండదు. కాబట్టి అదే చోట రెండవ గాయానికి మందు ఉండదు.

2008లో పారిస్‌లో లీబ్లర్ బృందం మరొక మార్గం కనుగొన్నది. మొక్కల నూనెల నుంచి లభించే కొవ్వు ఆమ్లాలతో వారు చేసిన రబ్బరును కత్తితో కోసి, ఆ ముక్కలను వెంటనే ఒకదానికొకటి ఆనిస్తే, వేడి గాని జిగురు గాని అక్కరలేకుండానే అతుక్కొంటాయి. ఇందులో చిన్న అణువులే బలహీనమైన హైడ్రోజన్ బంధాలతో చేతులు కలిపి నిలుస్తాయి. బంధం బలహీనం గనుకనే తేలికగా తెగుతుంది, తేలికగా కలుస్తుంది. స్టౌడింగర్ ప్రతిపక్షులు సహజమైన రబ్బరులో ఉన్నదని పొరపడిన కూర్పునకు ఇది దగ్గరి చుట్టం! రబ్బరు విషయంలో వారి మాట తప్పే. కాని అటువంటి పదార్థాన్ని మనిషి బుద్ధిపూర్వకంగా సృష్టించగలిగాడు. దండకు, పూలరాశికి భేదాన్ని స్టౌడింగర్ స్పష్టం చేసినందువల్లనే ఎక్కడ ఏది కావాలో ఎంచుకోవడం తరువాతివారికి సాధ్యమైంది.

సన్నని గీతలను పూడ్చుకొనే పూతలు కార్లపైన, ఫోన్లపైన ఇప్పటికే వచ్చాయి. విద్యుత్ తీగల తొడుగులు, నీటి గొట్టాలు, వానకోటులు తమ చిల్లులను తామే పూడ్చుకొనే రోజు రావచ్చు. పగిలిన బకెట్టుకు కాల్చిన ఇనుప చువ్వతో అతుకు వేసి మరి కొన్నాళ్లు వాడుకోవడం మన ఇళ్లలో ఎరిగినదే. ఆ అతుకు బకెట్టు తానే వేసుకోగలిగితే వస్తువు ఆయుర్దాయం పెరుగుతుంది. పారవేసే ప్లాస్టిక్ తగ్గుతుంది, నేలకు భారం తగ్గుతుంది. ఆ సంధానకరణి ఇంకా పూర్తిగా చేతికి అందలేదు. కాని దానిని వెదకవలసిన కొండ ఏదో వేలెత్తి చూపినవాడు, జిగట పదార్థాలను చులకన చేయక వాటిలో గొలుసులను దర్శించిన స్టౌడింగర్.