యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగస్టు 1948) ఆంధ్రదేశానికి చెందిన సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. ఆయన నాయకత్వంలో కృత్రిమంగా తయారైన ఫోలిక్ ఆమ్లం మొదట రక్తహీనతకు మందుగా పేరు పొందింది. తల్లి గర్భంలో శిశువు మెదడు, వెన్నుపాము సక్రమంగా ఏర్పడడానికి కూడా అది అవసరమని ఆయన మరణించిన నాలుగు దశాబ్దాల తరువాత రుజువైంది.

బాల్యం, విద్యాభ్యాసం

సుబ్బారావు భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. రాజమండ్రిలోను, మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలలోను చదివి, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తి చేశాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించడం శస్త్రచికిత్స ఆచార్యునికి నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది.

స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన కుటుంబాన్ని పీడించింది. సోదరుడు పురుషోత్తం ఆ వ్యాధితో మరణించాడు. తనకూ అదే వ్యాధి సోకగా డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. తరువాత లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు.

అమెరికాలో పరిశోధనలు

ఆ తరువాత సుబ్బారావు బోస్టన్ చేరి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొందాడు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తం, మూత్రాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఇది ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి. కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, కణాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని కూడా వీరిద్దరూ గుర్తించారు. 1930లో ఆయనకు పిహెచ్.డి. లభించింది. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరాడు.

ఫోలిక్ ఆమ్లం

బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని 1931లో వెల్లడించింది. ఆ సారంలో ఉన్న పోషక పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. సుబ్బారావు బృందం దానిని కృత్రిమంగా తయారు చేసినట్లు 1945లో ప్రకటించింది. తన కుటుంబాన్ని బాధించిన స్ప్రూ వ్యాధికి కూడా అది మందుగా ఉపయోగపడింది.

గర్భస్థ శిశువు నిర్మాణంతో సంబంధం

కణాలు విభజన చెందాలంటే డి.ఎన్.ఏ. తయారు కావాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. పిండంలో మెదడు, వెన్నుపాములకు మూలమైన నాడీ నాళిక సుమారు 28వ రోజుకే మూసుకుంటుంది. అది సరిగా మూసుకోకపోతే శిశువు మెదడు, కపాలం పూర్తిగా ఏర్పడకపోవడం, వెన్ను చీలి ఉండడం వంటి లోపాలు కలుగుతాయి.

ఈ లోపాల ప్రభావం మూత్రపిండాలపై ఉండే అధివృక్క గ్రంథులలో కూడా కనిపిస్తుంది. ఈ గ్రంథి రెండు వేర్వేరు మూలాల నుండి ఏర్పడుతుంది. వెలుపలి వల్కలం మధ్యత్వచం నుండి పుడుతుంది. లోపలి దవ్వ నాడీ నాళిక అంచుల నుండి వలస వచ్చిన కణాలతో తయారవుతుంది. గర్భస్థ శిశువు వల్కలంలో అధిక భాగాన్ని ఆక్రమించే పొర ఒకటి ఉంటుంది. అది తయారు చేసే పదార్థాలను జరాయువు ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. పుట్టిన తరువాత కొద్ది నెలలలో ఈ పొర కృశించి పోతుంది. మెదడు ఏర్పడని శిశువులలో పీయూష గ్రంథి నుండి తగిన ప్రేరణ అందదు. అందువలన గర్భంలోనే ఈ పొర బాగా చిన్నదిగా ఉండిపోతుంది.

1991లో ఏడు దేశాలలో జరిగిన పరీక్షల ఫలితాలు వెలువడ్డాయి. అంతకు ముందు ఇటువంటి లోపం గల బిడ్డను కన్న తల్లులు గర్భధారణకు ముందు నుండి ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే, లోపం మళ్ళీ కలగడం 72 శాతం తగ్గినట్లు తేలింది. చాలామందికి గర్భం సంగతి తెలిసేసరికే నాడీ నాళిక మూసుకునే సమయం గడచిపోతుంది. కాబట్టి ఈ మాత్రలను ముందుగానే మొదలుపెట్టాలని వైద్యులు సూచిస్తారు.

వ్యతిరేక ఔషధాలు

సుబ్బారావు బృందమే ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను కూడా రూపొందించింది. 1947-48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇవ్వగా, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. ఇదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలను ఆపే ఈ మందులు పిండం ఎదుగుదలకు కూడా హాని చేస్తాయి. అందుచేత బిడ్డను కనదలచిన గర్భిణులకు వీటిని ఇవ్వరు.

మరణం, గుర్తింపు

సుబ్బారావు 53 ఏళ్ళ వయసులో న్యూయార్క్ రాష్ట్రంలో మరణించాడు. బోదవ్యాధికి వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ సూక్ష్మజీవినాశకం కూడా ఆయన నేతృత్వంలోని పరిశోధనల ఫలితాలే. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. భారతదేశంలో ఆరోగ్య కేంద్రాలు గర్భిణులకు ఉచితంగా ఇచ్చే ఇనుము మాత్రలలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది.