అరవై దాటినా అటెండెన్సు మానని శాస్త్రవేత్త – జూలియస్ యాక్సెల్‌రాడ్

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాసి ఇవ్వమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మన నాయకులలో ఎవరినైనా ఎంచుకుందామనుకున్నాను. ఇంతలో అమెరికాలో చదువుకుంటున్న మా మనుమడు ఫోను చేశాడు. లాలాజలం పంపి జన్యుపరీక్ష చేయించుకున్నాడట. ఆందోళన పడేవారి జన్యువు తనకున్నదని రిపోర్టు వచ్చిందట. కనుక పరీక్షలంటే తాను భయపడటంలో తన తప్పేమీ లేదట! ఆ జన్యువు సంగతేమిటో చూద్దామని పుస్తకాలు తిరగేస్తే దాని వెనుక యాక్సెల్‌రాడ్ కనిపించారు. ఆయన ఉద్యోగ జీవితం చదువుతుంటే మన సభ్యులలో ఎవరిదో సర్వీసు రిజిస్టరు చదువుతున్నట్లే ఉన్నది.

ఆయన 1912 మే 30న న్యూయార్కులో పుట్టారు. తల్లిదండ్రులు పోలండు ప్రాంతం నుండి వలస వచ్చిన యూదులు. తండ్రి బుట్టలల్లి కుటుంబాన్ని పోషించేవారు. జీతం కట్టనక్కరలేని సిటీ కాలేజీలో చదివి 1933లో డిగ్రీ పొందారు. డాక్టరు కావాలని ఆశ. ఏ వైద్య కళాశాలలోనూ సీటు దొరకలేదు. యూదులకు ఆ రోజుల్లో సీట్లు పరిమితంగానే ఇచ్చేవారు. ఆర్థిక మాంద్యం నడుస్తున్న కాలం కనుక నెలకు 25 డాలర్లకు ప్రయోగశాల సహాయకుడుగా చేరారు. 1935 నుండి ఆహారంలో కలిపే విటమిన్లను పరీక్షించే ఒక లాబొరేటరీలో పదకొండేళ్ళు పనిచేశారు. అక్కడ అమ్మోనియా సీసా పేలి ఎడమ కన్ను చూపు పోయింది. ఆ స్థితిలోనే రాత్రి తరగతులకు వెళ్ళి 1941లో ఎమ్మెస్సీ పూర్తిచేశారు.

1946లో బెర్నార్డ్ బ్రోడీ అనే శాస్త్రవేత్త వద్దకు వెళ్ళడం ఆయన జీవితంలో మలుపు. అప్పట్లో నొప్పులకు వాడే అసిటనిలైడ్ అనే మందు కొందరి రక్తాన్ని పాడుచేసేది. ఆ మందు శరీరంలో మరొక పదార్థంగా మారుతున్నదనీ, నొప్పి తగ్గించేది ఆ రెండవదేననీ, రక్తాన్ని చెరిపేది వేరే ఉత్పత్తియనీ వీరిద్దరూ 1948లో చూపారు. ఆ రెండవ పదార్థమే పారాసెటమాల్. మన అందరి మందుల డబ్బాలోనూ ఉండేదే.

తరువాత బెథెస్డాలోని ప్రభుత్వ పరిశోధనా సంస్థలో చేరారు. మంచి పరిశోధనలు చేస్తున్నా డాక్టరేటు లేదు కనుక పైమెట్టు ఎక్కే దారి లేదు. డిపార్ట్‌మెంటల్ టెస్టు పాసు కాలేదని నా ఇంక్రిమెంటు రెండేళ్ళు ఆగినప్పుడు నేను అలిగి కూర్చున్నాను. ఆయన అలగలేదు. సెలవు పెట్టి, తనకంటే ఎంతో చిన్నవాళ్ళ పక్కన కూర్చుని చదివి, నలభై దాటాక 1955లో పిహెచ్.డి. పట్టా తెచ్చుకున్నారు.

మెదడులో ఒక నాడీకణం మరొక కణానికి కబురు చెప్పేది డోపమిన్, నార్ అడ్రినలిన్ వంటి రసాయనాల ద్వారా. కబురు అందాక ఆ రసాయనం అక్కడే ఉండిపోతే కొత్త కబురుకు చోటుండదు. ట్రెజరీ లెక్క వంటిదే ఇది: నిల్వ ఎంత అన్నది మాత్రమే చాలదు, ఎంత వేగంగా జమ అవుతూ ఖర్చవుతున్నదో కూడా చూడాలి. ఆ ఖర్చు రాసే గుమాస్తాలలో ఒకడిని, సి.ఓ.ఎం.టి. అనే ఎంజైమును, యాక్సెల్‌రాడ్ 1957లో కనుగొన్నారు. అంతటితో ఆగలేదు. ఎంజైములను అడ్డుకున్నా నార్ అడ్రినలిన్ ప్రభావం ఆగిపోతూనే ఉన్నదెందుకని ప్రశ్నించుకుని, విడుదల చేసిన నాడి కొసలే దానిని తిరిగి లోపలికి లాక్కుంటాయని తన సహచరులతో కలిసి నిరూపించారు. మానసిక వ్యాకులతకు ఇచ్చే చాలా మందులు పనిచేసేది ఈ లాక్కోవడాన్ని అడ్డుకునే. 1970లో బెర్నార్డ్ కాట్జ్, ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్‌లతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ కబురు వచ్చిన ఉదయం ఆయన పంటి డాక్టరు దగ్గర ఉన్నారట.

ఇక మా వాడి జన్యువు. యాక్సెల్‌రాడ్ వద్ద శిక్షణ పొందిన వైన్‌షిల్‌బౌమ్ అనే వైద్యుడు ఈ ఎంజైము చురుకుదనం మనిషికీ మనిషికీ తేడాగా ఉంటుందనీ, ఆ తేడా కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుందనీ 1977లో రక్తకణాలలో కొలిచి చూపారు. వీరు రోగులు కారు, ఆరోగ్యవంతులే. కారణం 1996లో స్పష్టమైంది. ఎంజైములో 158వ స్థానంలో కొందరికి వాలిన్, కొందరికి మిథియొనైన్ ఉంటుంది. రెండవ రకం శరీరపు వేడికి త్వరగా చెదురుతుంది కనుక దాని పని మూడు నాలుగు రెట్లు తక్కువ. నుదుటి వెనుక మెదడు భాగంలో డోపమిన్‌ను తిరిగి లాక్కునే ఏర్పాటు స్వల్పం కాబట్టి అక్కడ ఈ ఎంజైము ముఖ్యం. తల్లి నుండి ఒక ప్రతి, తండ్రి నుండి ఒక ప్రతి వస్తాయి కనుక మనుషులు మూడు రకాలు.

యాక్సెల్‌రాడ్ పనిచేసిన సంస్థలోనే 2001లో జరిగిన పరిశోధనలో ఒక ఆలోచనా పరీక్షలో మనుషుల మధ్య తేడాలో నూటికి నాలుగు పాళ్ళు మాత్రమే ఈ జన్యుభేదం వల్ల అని తేలింది. తరువాత ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే అదీ చాలావరకు కరిగిపోయింది. ఎంజైములో తేడా నిజమే, కానీ దాని నుండి మనిషి స్వభావానికి తిన్నని దారి లేదు. ఈ జ్ఞానం వల్ల కలిగిన మేలు వేరే చోట ఉన్నది. మన సభ్యుల్లో పార్కిన్సన్స్ వ్యాధికి లెవోడోపా వాడేవారికి కొందరికి ఎంటకపోన్ కూడా వ్రాస్తారు. లెవోడోపాను దారిలోనే ఖర్చు చేసేసే సి.ఓ.ఎం.టి.ని అది ఆపుతుంది.

నూటికి నాలుగు పాళ్ళని చెబితే మా వాడు కాసేపు మాట్లాడలేదు. మిగతా తొంభై ఆరు ఎవరివని అడిగాడు. చదువుకోమన్నాను.

యాక్సెల్‌రాడ్ 1984లో పదవీ విరమణ చేశారు. అయినా అతిథి పరిశోధకుడుగా అదే సంస్థకు ఇరవై ఏళ్ళ పాటు వెళ్ళివస్తూనే ఉన్నారు. 2004 డిసెంబరు 29న, 92వ ఏట, స్వగృహంలో కన్నుమూశారు.